ఆ నాలుగు అక్షరాలు

నేను చదివింది నాలుగో తరగతి. అదీ సోలాపూర్‌లో మునిసిపాలిటీ తెలుగు బడిలో. అలాంటి వాడు ఇంగ్లీషు గురించి రాయడమేంటని మీలో కొందరు నవ్వుకుంటారు. నవ్వుకోండి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకు ఈ సంగతి రాయాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు, నాకు పడింది.

మొన్న దసరా సెలవుల్లో మా మనవరాలు గడప మీద కూర్చొని పాఠం వల్లె వేసుకుంటోంది. ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. నోటుబుక్కులో ఒక పేజీ నిండా మాటలు. ప్రతి మాటలోనూ నాలుగు అక్షరాల కింద ఎర్ర గీత. ఓ, యు, జి, హెచ్. ఆ నాలుగూ ఆ వరుసలోనే ఉంటాయి. కానీ పిల్ల చదివితే ఒక్కో మాటలో ఒక్కో రకంగా పలుకుతున్నాయి. టి పెట్టి చదివితే టఫ్. సి పెడితే కాఫ్. డి పెడితే డో, అంటే తడిపి ముద్ద చేసిన పిండి. పి, ఎల్ పెడితే ప్లౌ, నాగలి. టి, హెచ్, ఆర్ పెడితే త్రూ. బి ముందు, టి వెనకాల పెడితే బాట్, కొన్నాను అని. ఒకటే నాలుగక్షరాలు, ఆరు పలుకుబళ్లు.

"ఇదేం లెక్కనే?" అన్నాను.

"లెక్క లేదు తాతా. టీచరు బట్టీ పట్టమన్నది."

పేజీలో చివరి మాటలకు వచ్చింది. "ఏ, ఎల్, టి, హెచ్, ఓ, యు, జి, హెచ్. ఆల్దో. అయినప్పటికీ."

నా చేతిలో చాయ్ కప్పు ఉంది. కింద పెట్టేశాను. "మళ్లీ చెప్పు" అన్నాను. మళ్లీ చెప్పింది. ఆ మాట నాకు కొత్త కాదు. దాన్ని నేను ఇంచుమించు ముప్పై ఏళ్ల కింద ఒక కాగితంలో చదివాను, మా పక్క ఖోలీ అన్నకు అర్థం కూడా చెప్పాను. నేను చెప్పిన అర్థం వేరు. ఆ సంగతి చెప్పడానికి ముందు నాకీ అక్షరాలు ఎట్లా వచ్చాయో చెప్పాలి.

1978లో నేను మిల్లులో రింగు ఖాతాలో డాఫర్‌గా చేరాను. నిండిన బాబిన్లు తీసి ఖాళీవి పెట్టే పని. మా నాయన కూడా ఆ ఖాతాలోనే ఉండేవాడు. చిన్నప్పటి నుంచి తెలుగు చదవడం వచ్చు, మరాఠీ బోర్డులు చూసి దేవనాగరి వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం మిల్లే నేర్పింది. రింగు ఫ్రేము చివర ఒక పోత ఇనుప పలక ఉండేది, దాని మీద కంపెనీ పేరు, ఊరి పేరు. అన్నీ పెద్ద అక్షరాలు. తుడిచేటప్పుడు వేలితో తడుముతూ ఒక్కొక్కటీ నేర్చుకున్నాను. హోవర్డ్ అండ్ అని ఒక మాట, దాని పక్కన బి, యు, ఎల్, ఎల్, ఆ తర్వాత ఈ నాలుగక్షరాలు. ఊరు ఆక్రింగ్టన్, ఇంగ్లండులో లాంకషైర్. నేను దాన్ని బుల్లోగ్ అని చదివేవాణ్ని. జాబర్ బులక్ అనేవాడు. అది బుల్లో అని నాకు తెలిసింది ఈ ఏడాదే. జి, హెచ్ ఊరికే నిలబడి ఉంటాయట, పలకవట.

ఓ, యు, జి, హెచ్ ఉన్న మాట ఒకటి సరిగా నేర్చుకున్నది మందు సీసా మీద. మా అన్న, అంటే పక్క ఖోలీ అన్న, కార్డింగు ఖాతాలో ఉండేవాడు. ఆ ఖాతాలో పని చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. పత్తి దుమ్ము మంచులాగా పడుతుంటుంది. వారానికి ఒక రోజు సెలవు పోయి మళ్లీ పనికి వచ్చిన మొదటి దినం రొమ్ము బిగుసుకుపోతుంది, దగ్గు, ఆయాసం. వారం గడిచేకొద్దీ కొంచెం తగ్గినట్టుంటుంది. డాక్టర్లు దానికి బిసినోసిస్ అని పేరు పెట్టారు, ఇఎస్ఐ చట్టంలో వృత్తి రోగాల పట్టీలో ఆ పేరుంది. మాకు మాత్రం అది ఉత్త దగ్గే. ఇఎస్ఐ దవాఖానాలో సీసా ఇచ్చేవారు. దాని మీద సి, ఓ, యు, జి, హెచ్. నేను గట్టిగా "కౌగ్" అని చదివాను. కాంపౌండరు వంగి వంగి నవ్వి "కాఫ్ రే, కాఫ్" అన్నాడు. అన్న కూడా దగ్గుతూనే నవ్వాడు.

అప్పుడు నేను ఒక సూత్రం కట్టుకున్నాను. జి, హెచ్ కలిస్తే ఫ. తర్వాత గోదాములో మూటల మీద రఫ్ అని చూశాను, సరిపోయింది. సూపర్‌వైజరు నోట ఇనఫ్, ఇనఫ్ అని వినేవాణ్ని. దాని అక్షరాలు ఎక్కడో చూస్తే అదీ సరిపోయింది. ఒక్కటే సరిపోలేదు, రైల్వే స్టేషన్‌లో చూసిన త్రూ. దాన్ని వేరే జేబులో పెట్టుకున్నాను. ఫ కాకపోతే ఊ. రెండే దారులు అనుకున్నాను.

ఈ రెండు దారులతోనే మా చాళలో నాకు పేరొచ్చింది. "వాడికి ఇంగ్లీషొస్తది" అని. రేషన్ కాగితాలు, ఇఎస్ఐ చీటీలు, కరెంటు బిల్లులు అన్నీ నా దగ్గరికే. నేను వేలు పెట్టి కూడబలుక్కుని చదివి, తెలిసిన మాటలు నాలుగు పట్టుకొని, మధ్యలో తెలియనివి ఊహించి చెప్పేవాణ్ని. చాలాసార్లు ఊహ సరిగ్గానే ఉండేది. సరిగ్గా లేనప్పుడు కూడా నష్టం పెద్దగా ఉండేది కాదు.

మిల్లు మూతపడ్డ ఏడు ఒక్కొక్కరికీ ఒక్కో కాగితం వచ్చింది. గ్రాట్యుటీ లెక్క. టైపు చేసిన ఇంగ్లీషు, కింద సంతకానికి గీత. అన్న పేరు రోల్‌లో ఎక్కి 14 ఏళ్లు. అందులో మొదటి చాలా ఏళ్లు బదిలీ. బదిలీ అంటే మనవాళ్లకు తెలుసు, పొద్దున పాళీకి ముందే గేటు దగ్గర నిలబడాలి, ఎవరన్నా రాకపోతే లోపలికి, అందరూ వస్తే ఇంటికి. గ్రాట్యుటీ చట్టం 1972లో వచ్చింది. ఏడాదికి 15 రోజుల పగారు లెక్క. కానీ ఆ ఏడాది లెక్కలోకి రావాలంటే 240 రోజులు ఉండాలి. మన సోలాపూర్ కార్మికుల కేసే ఈ విషయం మీద 1981లో సుప్రీంకోర్టు దాకా పోయింది, అక్కడ బదిలీ వాళ్ల మాట నెగ్గలేదు.

అన్న కాగితం తెచ్చి నా చేతిలో పెట్టాడు. రెండో పేరా మొదటి మాట దగ్గర ఆగాను. ఏ, ఎల్, టి, హెచ్, ఓ, యు, జి, హెచ్. మొదటి జేబు తీశాను: ఆల్థఫ్. అట్లాంటి మాట వినలేదు. రెండో జేబు తీశాను: ఆల్ త్రూ. ఆల్ అంటే అన్నీ, త్రూ అంటే ఈ చివర నుంచి ఆ చివర దాకా. దాని వెనకాలే ఫోర్టీన్ ఇయర్స్ అని ఉంది. ఇంకేం కావాలి? "అన్నా, పద్నాలుగేళ్లూ మొదటి నుంచి చివరిదాకా నువ్వున్నావని రాసిండ్రు. సంతకం పెట్టు" అన్నాను. అన్న సంతకం పెట్టాడు. వదినె ఆ రోజు మా ఇంటికి అటుకులు, బెల్లం పంపింది.

ఆల్ త్రూ అయితే రెండు ఎల్లులు ఉండాలి. అక్కడ ఒకటే ఉంది. త్రూ అయితే ఆర్ ఉండాలి. అక్కడ ఆర్ లేదు. రెండూ నా కళ్ల ముందే ఉన్నాయి, నేను చూడలేదు. ఫ్రేము మీద వెయ్యి దారాల్లో తెగిన ఒక్క దారం కనిపెట్టే కళ్లు ఇవి.

కాగితంలో నిజంగా ఉన్నదేంటంటే: పేరు 14 ఏళ్లు రోల్‌లో ఉన్నప్పటికీ, 240 రోజులు నిండిన ఏళ్లు 6 మాత్రమే, కనక ఆరేళ్లకే లెక్క, దీనికి ఒప్పుకుంటున్నాను. డబ్బు చేతికొచ్చాక గానీ తెలియలేదు. 8 ఏళ్లు పోయాయి. ఏడాదికి 15 రోజుల చొప్పున 120 రోజుల పగారు. అదే కాగితం వేరేవాళ్లు యూనియన్‌లో చదివించుకొని, హజేరీ కార్డులు పట్టుకొని లేబర్ ఆఫీసుకు పోయారు. కొందరికి మూడేళ్లు, నాలుగేళ్లు కలిశాయి. దరఖాస్తుకు 90 రోజుల గడువు. అన్న కార్డులన్నీ రేకు డబ్బాలో భద్రంగా ఉన్నాయి. అంతా బాగుందని నేను చెప్పాను కాబట్టి ఆయన పోలేదు. ఒక మాట ఇక్కడే చెప్తాను, ఇప్పటికీ ఎవరికైనా పనికొస్తుంది. అలాంటి కాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన గ్రాట్యుటీ చట్టం ఇచ్చిన హక్కు పోదు. సరైన కారణం ఉంటే గడువు దాటిన దరఖాస్తు కూడా తీసుకోవచ్చు. మాకు అప్పుడు తెలియదు.

ఇన్నేళ్లూ నేను మిల్లువాళ్లే కాగితంలో ఒకటి రాసి చేతిలో ఒకటి పెట్టారని అనుకున్నాను. పది మందిలో అట్లాగే చెప్పాను కూడా.

మనవరాలి నోటుబుక్కు చూశాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మా వీధిలో హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన సార్ ఉన్నారు. ఆయన దగ్గరికి పోయి "ఈ నాలుగక్షరాలు ఎందుకిట్లా ఉన్నాయి సార్, ఎవడు చేసిండు ఈ పని?" అని అడిగాను. సార్ సంతోషపడ్డారు. రిటైరైన మాస్టర్లను ఎవరూ ఏమీ అడగరు కదా.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. ఒకప్పుడు ఇంగ్లీషు వాళ్లు ఈ మాటలన్నిటిలో గొంతులోంచి ఒక శబ్దం పలికేవారు. కఫం తీసేటప్పుడు వచ్చే ఖ్ లాంటిది. జర్మనీ వాళ్లు ఇప్పటికీ పలుకుతారు. రాత్రిని ఇంగ్లీషులో నైట్ అంటే వాళ్లు నాఖ్ట్ అంటారు. కూతుర్ని డాటర్ అంటే వాళ్లు టోఖ్టర్ అంటారు. స్కాట్లండులో సరస్సును లోఖ్ అంటారు. 1066లో ఫ్రాన్సు నుంచి నార్మన్లు వచ్చి ఇంగ్లండును గెలుచుకున్నారు. ఆ తర్వాత వచ్చిన రాతగాళ్లు ఈ ఖ్ శబ్దానికి జి, హెచ్ అని రెండక్షరాలు రాయడం మొదలుపెట్టారు. అప్పట్లో అది పలికినట్టు రాయడమే, తప్పేం లేదు.

తర్వాత జనం నోట ఆ ఖ్ అరిగిపోయింది. కొన్ని మాటల్లో పూర్తిగా పోయింది, కొన్నింట్లో ఫ అయింది. ముందున్న అచ్చు కూడా ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకంగా మారింది. ఈ మార్పులు జరుగుతున్న కాలంలోనే 1476లో కాక్స్‌టన్ అనే ఆయన వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. ఆ పైన అచ్చులో రాత మెల్లమెల్లగా గట్టిపడిపోయింది. నోరు మాత్రం ఆగలేదు.

నాకు వెంటనే గోదాము గుర్తొచ్చింది. కోను మీద చీటీ 40 కౌంటు అని ఉంటుంది, లోపల నూలు 30. చీటీ మార్చడం ఎవరో మరిచారు. సార్‌తో ఇదే అంటే "నువ్వు నాకంటే బాగా చెప్పినవ్" అన్నారు. అది మర్యాదకు అన్నారేమో, అయినా రాస్తున్నాను.

చీటీలు మార్చాలని చూసినవాళ్లు కూడా ఉన్నారట. అమెరికాలో వెబ్‌స్టర్ 1828లో నిఘంటువు అచ్చేసి నాగలికి పి, ఎల్, ఓ, డబ్ల్యు చాలన్నాడు. అది నిలిచింది. 1906లో రూజ్‌వెల్ట్ అధ్యక్షుడుగా ఉన్నప్పుడు 300 మాటలకు రాత సులువు చేసి సర్కారు అచ్చాఫీసు అట్లాగే అచ్చెయ్యాలని హుకుం ఇచ్చాడు. త్రూకు టి, హెచ్, ఆర్, యు చాలు. పత్రికలు వెక్కిరించాయి, వాళ్ల పార్లమెంటు ఒప్పుకోలేదు, ఆ ఏడాదే వెనక్కి తీసుకున్నాడు. చికాగో ట్రిబ్యూన్ పత్రిక 1934 నుంచి కొన్నేళ్లు ఇట్లాంటి రాత వాడి, 1975లో చాలించుకుంది. దేశాధ్యక్షుడి హుకుంకే లొంగని అక్షరాలు నాలుగో తరగతి వాడికి లొంగుతాయా?

మనది మాత్రం పలికినట్టే రాసే భాష అని నేను గొప్పగా అన్నాను. సార్ ఊరుకోలేదు. "చాప అను, చిలక అను" అన్నారు. అన్నాను. "రెండు చ లు ఒకటేనా?" కాదు. అక్షరం ఒకటే, నోట్లో నాలుక ఆనే చోటు వేరు. మరాఠీలోనూ అంతే, చాక్ అంటే చక్రం, చంద్ర అంటే చంద్రుడు, ఒకే అక్షరం, రెండు పలుకులు. మనం తల్లి ఒళ్లో నేర్చుకున్నాం కాబట్టి మనకు తెలియలేదంతే. ఇంకో సంగతి కూడా చెప్పారు. పుస్తకం తెలుగు వేరు, నోటి తెలుగు వేరుగా ఉంటే పిల్లలకు కష్టమని గిడుగు రామమూర్తి గారు జీవితమంతా కొట్లాడారు. ఆయన పంతులు పని చేసింది పర్లాకిమిడిలో, ఇప్పుడది ఒడిశాలో ఉంది. అక్కడి మన పాఠకులకు ఈ సంగతి నాకంటే బాగా తెలిసి ఉంటుంది.

ఆ ఇనుప పలక మీది బుల్లో ఎవరని కూడా అడిగాను. జేమ్స్ బుల్లో అనే ఆయన, కెన్‌వర్తీ అనే ఇంకొకాయన కలిసి 1842లో లాంకషైర్ మగ్గం తయారు చేశారు. పేక తెగితే మగ్గం తనంతట తానే ఆగుతుంది. ఒక్క నేతగాడు మునుపటికంటే ఎక్కువ మగ్గాలు చూడొచ్చు, అంటే మిగిలినవాళ్లు ఇంటికి. మన ఇళ్లల్లో సాంచాలు నడిపినవాళ్లకు ఆ లెక్క చెప్పక్కర్లేదు. అంతకు ముందే 1812లో ఆ ప్రాంతంలోనే ఒక ఊళ్లో మరమగ్గాల మిల్లును జనం తగలబెట్టారు. నలుగురిని ఉరి తీశారు. ఆ ఊరి పేరు రాస్తే మధ్యలో మళ్లీ ఓ, యు, జి, హెచ్. చదివితే వెస్ట్‌హాటన్. ఈ నాలుగక్షరాలకు, మన పనికి ఏం సంబంధమో నాకు తెలియదు గానీ ఎక్కడ చూసినా ఎదురొస్తున్నాయి.

ఇదంతా విన్నాక కూడా అసలు పని మిగిలే ఉంది. అన్న పోయి తొమ్మిదేళ్లు. ఆ ఊపిరితిత్తుల రోగంతోనే పోయాడు. వదినె ఉంది. మనవరాలిని వెంటబెట్టుకొని పోయాను. ఒక్కణ్ని పోవడానికి ధైర్యం చాలలేదు.

వదినె గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. నేను కూర్చొని, మిల్లు కాగితం సంగతి ఎత్తి, నేను తప్పు చదివానని, అన్నకు ఆ డబ్బు నా వల్లే పోయిందని చెప్పాను. ఇన్నేళ్లూ మిల్లును తిట్టానని కూడా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. ఆకు కత్తిరిస్తోంది, తంబాకు పెడుతోంది, మడుస్తోంది.

"మీ అన్నకు ఎర్కనే" అన్నది.

"ఎప్పుడు?"

"పైసలొచ్చిన నెలకే. లేబర్ ఆఫీసుల గుమాస్త సదివి చెప్పిండట. గడువు దాటిందన్నరట. ఇంటికొచ్చి రెండు దినాలు నిన్ను తిట్టిండు. తిట్టని తిట్టు లేదు."

"నాతోని ఒక్క మాట అనలేదే?"

"మూడో దినం రేషన్ కారడు కాయితం వొచ్చింది. నిన్ను తిడితే ఇంక ఎవలతోని సదివిస్తడు?"

మనవరాలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత ఎన్ని కాగితాలు తెచ్చాడో లెక్క పెట్టుకుంటూ కూర్చున్నాను. రేషన్ కార్డు, పిల్ల బడి ఫారం, దవాఖానా చీటీలు. ప్రతిసారీ తెచ్చాడు. ప్రతిసారీ విన్నాడు. ఒక్క తేడా ఇప్పుడు గుర్తొస్తోంది. అంతకు ముందు నేను చెప్పగానే సంతకం పెట్టేవాడు. ఆ తర్వాత "రేపు పెడ్తలే" అని కాగితం మడిచి జేబులో పెట్టుకునేవాడు. ఇంకెవరికో చూపించేవాడన్నమాట.

వదినె లేచి పోయి గూట్లోంచి ఒక కవరు తెచ్చింది. పింఛను కాగితం, బ్యాంకు నుంచి. నా చేతికే ఇచ్చింది. నేను మనవరాలికి ఇవ్వబోతే "నువ్వే సదువు" అన్నది. కళ్లజోడు పెట్టుకొని వేలు పెట్టి మొదలుపెట్టాను. మూడో వరుసలో ఆ నాలుగక్షరాలు. ఆగాను. ముందు టి, హెచ్ ఉన్నాయి. వాటి వెనక ఏముందో చూశాను. ఆర్ ఉంది.

"త్రూ" అన్నాను.

మనవరాలు తల ఊపింది. బతికున్నట్టు సర్టిఫికెట్టు బ్యాంకు ద్వారా పంపమని రాశారు. వదినెకు చెప్పాను.

ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకొని పిల్లకు ఇచ్చింది. "నువ్వు కూడ ఒక్కసారి సదువు బిడ్డా" అన్నది. "నీ తాత సదివినంక ఇంకొకలకు సూపియ్యమని మీ పెద్దతాత చెప్పి పోయిండు."